బ్లోయర్ జాగ్రత్త, మాలి చెవులు ఇంకా జాగ్రత్త

శాక్రమెంటో

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మన మల్లేశ్వరం అపార్ట్‌మెంట్‌కి రాలిన ఆకుల్ని గాలితో ఊదేసే పెట్రోల్ బ్లోయర్ కొన్నారనీ, దాని బాధ్యత మీకే అప్పగించారనీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎండలు ముదిరేలోగా కానుగ చెట్లు ఎంత ఆకు రాలుస్తాయో తెలుసు కనుక మంచి పనే అనిపించింది. కాకపోతే రోజూ దాన్ని భుజాన వేసుకునేది మాలి. ఆయన గురించే నాకు ఎక్కువ టెన్షన్.

ముందు ఇంజిన్ సంగతి. అది టూ-స్ట్రోక్. ఆయిల్‌కి వేరే చోటు ఉండదు, పెట్రోల్‌తో కలిసి వెళ్లే ఆయిలే పిస్టన్‌ని కాపాడుతుంది. ఉత్త పెట్రోల్ పోస్తే కాసేపట్లోనే పిస్టన్ పట్టేస్తుంది. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో పెట్రోల్‌కి ఆయిల్ పాళ్లు 50:1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల ఆయిల్, 25:1 అయితే 40. టూ-స్ట్రోక్ ఆయిలే వాడాలి. వేరే డబ్బాలో కలిపి, బాగా ఊపి, ఆ తర్వాతే ట్యాంకులో పోయమనండి. ఇంజిన్ వేడిగా ఉండగా మాత్రం పోయొద్దు.

ఇప్పుడు మన బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచేస్తే కార్బురేటర్ జిగురుపట్టి, తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు. వానలు మొదలయ్యాక బ్లోయర్‌తో పెద్దగా పని ఉండదు, తడి ఆకు నేలకు అతుక్కుపోతుంది. అప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అది ఆగేదాకా నడిపి, లోపల పెట్టేయండి.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజిదైతే సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. కాగితందైతే కడగకూడదు, తట్టి దులిపితే చాలు. మన వీధి దుమ్ముకి వారం వారం చూడాల్సిందే. సిలిండర్ చుట్టూ ఉన్న రేకుల మధ్య చెత్త చేరినా ఇంజిన్ వేడెక్కిపోతుంది.

ఇక మాలి. టూ-స్ట్రోక్‌లో కొంత పెట్రోల్ కాలకుండానే పొగతో బయటికి వచ్చేస్తుంది. పెద్ద బ్లోయర్ గంటసేపు నడిస్తే వచ్చే, స్మాగ్ (పొగమంచులాంటి కలుషిత గాలి) కలిగించే కాలుష్యం, 2017 క్యామ్రీ కారు సుమారు 1,100 మైళ్లు తిరిగినదానితో సమానమని కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు లెక్క కట్టింది. అందుకే ఇక్కడ కాలిఫోర్నియాలో 2024 మోడల్ నుంచి ఇలాంటి చిన్న పెట్రోల్ ఇంజిన్లను కొత్తగా అమ్మడం దాదాపుగా ఆపేశారు. ఆ పొగ మధ్యలో, ఆ చప్పుడు పక్కనే నిలబడేది ఆయనే. మోత రోజూ చెవిలో పడితే వినికిడి మెల్లగా పోతుంది, పోయింది మళ్లీ రాదు. చెవులకు మఫ్స్, కళ్లకు అద్దాలు, ముక్కుకి మాస్క్ లేకుండా మెషీన్ ముట్టనివ్వకండి. రేస్ సగం ఇస్తే చాలు, ఎండుటాకు లేస్తుంది. మట్టి దుమ్ము ఉన్నచోట చీపురే నయం, లేకపోతే అదంతా పక్కవాళ్ల బాల్కనీలోకి పోతుంది. పొద్దున్నే ఏడింటికి మొదలెట్టకుండా కూడా చూడండి, పైన చిన్నపిల్లలున్నారు.

పోగైన ఆకుల్ని ఎవరు చెప్పినా కాల్చనివ్వకండి. వెనకాల గుంటలో వేసి, పేడనీళ్లు చల్లి, అప్పుడప్పుడు తిరగేస్తుంటే కొన్ని నెలల్లో ఎరువవుతుంది. అమ్మ గులాబీలకి అదే వేయొచ్చు.

వచ్చే నెల చిన్నాన్న వస్తున్నప్పుడు రెండు జతల మఫ్స్ పంపిస్తున్నాను. ఆఫీసు గదిలో దాచకుండా ఒక జత మాలి చేతికే ఇవ్వండి. బ్లోయర్ మీద ఉన్న మోడల్ నంబర్ ఫోటో తీసి పంపితే, ఫిల్టర్, ప్లగ్ కూడా ఏవి సరిపోతాయో చూసి చెప్తాను.

మీ
పెద్దమ్మాయి