మన సంఘం వార్షిక నివేదిక: ఇత్తడి, సీసం, ఒక పిండి జల్లెడ

సభ్యులందరికీ నమస్కారం. జనరల్ బాడీలో సెక్రటరీ రిపోర్ట్ చదవాలని మన రూల్స్‌లో ఉంది కాబట్టి రాస్తున్నా. టైం లేనివాళ్ళు కనీసం సీసం ముక్క చదవండి.

ముందు థాంక్సులు. డాలస్‌కి ఉత్తరాన నెలకి రెండు శనివారాలు తుపాకీ కాల్చుకోడానికి మనకి చోటిస్తున్న షూటింగ్ రేంజి ఓనరు గారికి, కాల్చాక కింద పడ్డ బ్రాస్ (తూటాల ఖాళీ ఇత్తడి కేసులు) మీద హక్కు ఆయనదే అయినా మనం కాల్చింది మనల్నే ఏరుకోమన్నందుకు ఇంకోసారి. బకెట్లు మోసిన పికప్ తమ్ముడికి. పులిహోర తెచ్చిన అక్కలకి, చేతులు కడుక్కోనివాళ్ళని గిన్నె దగ్గరికి రానివ్వనందుకు మరీ మరీ.

బ్రాస్ సంగతికొస్తే దానికి చుట్టాలెక్కువ. రీలోడింగ్, అంటే ఖాళీ కేసుల్లో మళ్ళీ మందూ బుల్లెట్టూ పెట్టి తూటాలు చేసుకునేవాళ్ళంతా పిలవకుండానే వస్తారు. 9 ఎంఎం ఖాళీ కేసులు పౌండుకి 115 దాకా తూగుతాయి, సైజుల వారీగా వేరు చెయ్యడమే తలనొప్పి, 9 ఎంఎం వెళ్ళి .40 సైజు కేసులో దూరుతుంది, ఆ .40 వెళ్ళి .45లో దూరుతుంది, .380 చూస్తే 9 ఎంఎంకి తమ్ముడిలా ఉంటుంది. స్టీలువి అయస్కాంతంతో పోతాయి, అల్యూమినియంవి చేత్తో ఏరాల్సిందే. .22వి మళ్ళీ లోడ్ చేసుకునేవి కావు, వాటిలో ప్రైమర్ మందు (తూటాని అంటించే మందు) అంచులోనే ఉంటుంది, అవి నేరుగా స్క్రాప్‌కే. ఏప్రిల్లో స్క్రాప్ యార్డువాళ్ళు మన బకెట్లో ఒక్క పేలని తూటా చూసి లోడు మొత్తం వెనక్కి పంపారు, ఆ రోజు సార్టింగ్ ఎవరు చేశారో నాకు తెలుసు, పేరు రాయను.

ఇక సీసం. దాని దగ్గరికి ఎవరూ రారు. టార్గెట్ల వెనక బుల్లెట్లని ఆపే మట్టిగట్టులోంచి సీసపు బుల్లెట్ ముక్కలు జల్లెడ పట్టి తీద్దామని నవంబర్‌లో వాట్సాప్‌లో పెడితే బొటనవేళ్ళు నలభై దాకా వచ్చాయి, మనుషులు తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందీ చేసిన పనే ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకునేది. అక్కడి నేల మన నల్లరేగడికి సొంత చెల్లెలు, ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలిస్తుంది, బుల్లెట్ ముక్కలు అందులోకి జారిపోతాయి. పొడిగా ఉన్నప్పుడు జల్లిస్తే సీసం దుమ్ము ముక్కులోకి పోతుంది, బాగా తడిపితే జల్లెడకి హల్వాలా అతుక్కుంటుంది. వానపడి మూడో రోజు పదును చూసుకుని మొదలుపెట్టాం, గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మట్టి పిడికిట్లో నలిపి చూసి ఇప్పుడు కానివ్వండి అన్నారు. మధ్యాహ్నానికి అయిదు బకెట్లు. నిండా పొయ్యలేదు, పోస్తే ఎవడూ ఎత్తలేడు. మట్టి పీహెచ్ (నేల పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపెక్కువ) కూడా చూశాం, 8కి కాస్త తక్కువ. ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) వాళ్ళ రేంజి సీసం మాన్యువల్ ప్రకారం 6.5 నుంచి 8.5 మధ్య ఉంటే మంచిది, నేల పులిస్తే సీసం కరిగి నీళ్ళలోకి పోతుంది, కాబట్టి మనం సున్నం చల్లే పనిలేదు.

జల్లెడ కథ చెప్పాలి. ఒకాయన ఇంట్లోంచి పిండి జల్లెడ పట్టుకొచ్చారు, సాయంత్రం నీళ్ళతో కడిగి కారులో పెట్టుకుంటుంటే పట్టుకున్నాం. సీసం తగిలింది మళ్ళీ వంటింటికి వెళ్ళకూడదు సార్. వదినగారికి సంఘం డబ్బుతో కొత్తది కొనిచ్చాం, లెక్కల్లో "జల్లెడ" అని కనపడేది అదే. బ్రాస్‌ని ఇంటి గరాజ్‌లో పొడిగా టంబ్లర్‌లో (కేసుల్ని తిప్పి శుభ్రం చేసే మెషీను) తిప్పేవాళ్ళకి కూడా ఇదే మాట, పైకి లేచే దుమ్ములో ప్రైమర్ సీసం ఉంటుంది, నీళ్ళతో తిప్పండి, బట్టలు విడిగా ఉతకండి. పిల్లల్ని క్లీనింగ్‌కి తేవద్దంటే ఇద్దరు నా మీద అలిగారు. పిల్లల రక్తంలో సీసానికి సీడీసీ (అమెరికా ఆరోగ్య సంస్థ) పెట్టిన హద్దు 2021లో 5 నుంచి 3.5 మైక్రోగ్రాములకి దించారు, అదీ డెసిలీటరుకి. మీరు అలిగినా నేను మారను.

రీసైక్లింగ్‌కి పంపే సీసాన్ని స్క్రాప్ మెటల్‌గానే చూస్తారని ఆ మాన్యువల్లోనే ఉంది, అయినా ఓనరు గారి తృప్తి కోసం ఒక ఉత్తరం ఇమ్మని ఒక ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేశా. నాలుగుసార్లూ వాయిస్‌మెయిలే. అయిదు బకెట్లూ ఇంకా షెడ్‌లో మూతలేసి ఉన్నాయి.

లెక్కలు కోశాధికారి గారు షీట్‌లో పెట్టారు, బ్రాస్ డబ్బు మాస్కులకి, గ్లోవ్స్‌కి, సీసం వదిలే సబ్బుకి సరిపోయింది, కాస్త మిగిలింది. అడగాల్సింది ఉంటే ఆయన్నే అడగండి.

గట్టుకి ఎడమవైపు సగం ఇంకా మిగిలే ఉంది. ఫిబ్రవరిలో వాన పడ్డాక మూడో రోజు చూసి మెసేజ్ పెడతా, ఈసారి వేలు కాదు, పేరు రాయండి. పాత జల్లెడ "వంటకి కాదు" అని ఎర్ర పెయింట్ వేసి షెడ్‌లోనే తగిలించాం.

మీ సెక్రటరీ