పన్నా మరియా పెద్దవాళ్ళ మాట రికార్డు చేయించండి

టెక్సాస్ హిస్టారికల్ కమిషన్ ఛైర్మన్ గారికి,

నమస్కారమండీ. మాది గుంటూరు జిల్లా, ఇప్పుడుంటున్నది శాన్ ఆంటోనియోలో. తెలుగులో రాశానని ఏమనుకోకండి, ముందు ఇక్కడి మనవాళ్ళు నలుగురు చదివి మీ ఆఫీసుకు తలా ఒక మెయిల్ పెడతారని ఆశ.

మా ఇంటి నుంచి కారులో గంట దూరం, కార్న్స్ కౌంటీలో పన్నా మరియా అని చిన్న ఊరుంది. మొదటిసారి బోర్డు చూసి కారు ఆపేశాను. పోలిష్‌లో ఆ మాటకు కన్య మరియ అని అర్థం. ఫిబ్రవరి వస్తే గుణదల తిరునాళ్ళకు బయల్దేరే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ పేరు దాటుకుని ఎలా పోతాను?

అమెరికాలో పోలిష్‌వాళ్ళు స్థిరపడిన మొట్టమొదటి ఊరు అదే. పోలెండు నుంచి వచ్చారంటాం గానీ అప్పటికి పటంలో ఆ దేశమే లేదు. వాళ్ళు ప్రష్యా అనే జర్మన్ రాజ్యం ఏలుబడిలోని అప్పర్ సైలీసియా ప్రాంతపు రైతులు. అక్కడ ఓడర్ నది వరదలు, రోగాలు, గింజల ధరలు మండిపోతున్నాయి. ఇక్కడ జర్మన్ల మధ్య పనిచేస్తున్న ఫాదర్ లియోపోల్డ్ మోచిగెంబా, ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన కాథలిక్ గురువు, సొంతూరికి ఉత్తరాలు రాశాడు, జనం కదిలారు. (ఒక్కడు అమెరికా వెళ్ళి కబురు పెడితే వీధి వీధంతా బయల్దేరడం మనకు తెలియని సంగతేం కాదు.) ఓడలో గాల్వెస్టన్ చేరి, అక్కణ్ణుంచి రోజుల తరబడి నడిచి, 1854 డిసెంబరు 24న ఒక ఓక్ చెట్టు కింద మొదటి పూజ చేసుకున్నారు. ఇళ్ళు లేవు, ఎదురుగా గడ్డి, గడ్డిలో పాములు. భూమి అమ్మిన వ్యాపారి జాన్ ట్వోహిగ్ ధర మాత్రం గట్టిగానే గుంజాడు. 1856లో చర్చి కట్టుకున్నారు, అదే ఏడు కరువు మొదలైంది. పిలిచిందీ నువ్వే, ముంచిందీ నువ్వే అని ఫాదర్ మీద తిరగబడితే ఆయన ఊరు విడిచిపెట్టాల్సి వచ్చింది. 1891లో డెట్రాయిట్‌లో పోయాడు. 1974లో అదే ఊరు ఆయన అవశేషాలు తెప్పించి అదే చెట్టు కింద పెట్టుకుంది. అలక తీరడానికి నూట పద్దెనిమిదేళ్ళు పట్టింది!

చర్చి మీద 1875లో పిడుగు పడితే మళ్ళీ కట్టుకున్నారు. 1868లోనే విచారణ (అంటే చర్చి సంఘం) బడి పెట్టారు. 1966లో ప్రెసిడెంట్ జాన్సన్ చెస్తొహోవా మాత (పోలిష్‌వాళ్ళు కొలిచే మరియమాత) మొజాయిక్ పటం బహూకరించారు. ఇవన్నీ కళ్ళకు కనిపించేవి, వీటికి పలకలు పెట్టడం మీ కమిషన్‌కు బాగా తెలిసిన పని.

నా బాధంతా కనిపించనిదాని గురించి. వాళ్ళు తెచ్చుకున్న సైలీసియన్ యాస ఇక్కడే వేరుగా ఎదిగింది. సైలీసియాలో లేని రాటిల్‌స్నేక్‌కు, గలగలలాడేదని ష్చిర్కోవా అని పేరు పెట్టుకున్నారు. విమానాలు రాకముందే బయల్దేరిన జనం కదా, దానికీ సొంతంగానే ఫుర్గోచ్ అన్నారు, ఎగిరేదని. ఇప్పుడా యాస మాట్లాడేవాళ్ళు ఎక్కువగా పెద్దవయసువాళ్ళే. మా అబ్బాయికి పదేళ్ళు, నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తాడు, నాకు ఒక్క తరానికే టెన్షన్ పట్టుకుంది. వాళ్ళు నూట డెబ్బై ఏళ్ళు లాక్కొచ్చారు.

పరిశోధకులు కొంత చేశారు. ఊరివాళ్ళు 2021లో పోలిష్ హెరిటేజ్ సెంటర్ తెరిచారు. అంతా వాళ్ళే చేసుకోవాలంటే ఎలాగండీ? పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వంట గురించీ పత్తి చేల గురించీ మాట్లాడించి, ఆ ఆడియో ఎవరైనా ఉచితంగా వినేలా పెట్టించండి. మాటలపట్టిక రాయించుకుని ఊరుకోవద్దు, కోపంలో ఎలా తిడతారో, మనవణ్ణి ఎలా పిలుస్తారో అదీ కావాలి. చర్చి దగ్గర పెట్టే పలకల మీద ఇంగ్లీషు పక్కన వాళ్ళ యాసలో కూడా నాలుగు వాక్యాలు రాయించండి.

అక్టోబరులో విచారణవాళ్ళు టర్కీ భోజనాలు పెడతారు, బయటికి వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఆ రోజు ఊరికి వస్తారు. ఆ లోపు ఒక మనిషినీ మంచి మైకునూ పంపండి. మోయడానికి నేనొస్తాను, నా ఖర్చుతోనే.

ఇట్లు,
శాన్ ఆంటోనియో నుంచి ఒక తెలుగువాడు