చెప్పిన పిల్లాడికి కూడా టీసీయేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా ఆత్రేయపురం వైపు లొల్ల లాకుల దగ్గర, ఆ కాలువ గట్ల మీద సినిమా షూటింగులు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ సినిమాల్లో ఫ్రెండంటే చచ్చినా నోరు విప్పనివాడు. ఎంత కొట్టినా స్నేహితుడి గుట్టు బయటపెట్టడు. హాల్లో అందరితో పాటు నేనూ ఈలలు వేశాను. కిందటేడు మా ఇంట్లో జరిగింది చూశాక, అదే పాఠం మా పిల్లల్ని ఎంత దూరం తీసుకెళ్లిందో అర్థమైంది.

మా అబ్బాయి, పక్క వీధి కుర్రాడు ఒకటో తరగతి నుంచీ జోడీ. ఇద్దరికీ కలిపి ఒకటే సైకిలు. వెళ్లేటప్పుడు వీడు తొక్కితే, వచ్చేటప్పుడు వాడు. తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్లకి ఒక ‘అన్న’ తగిలాడు. పాతికేళ్లు పైనే ఉంటాయి. ఏ ఊరివాడో ఎవరికీ సరిగ్గా తెలీదు, కాలువ అవతల గది అద్దెకు తీసుకున్నాడు. మర్యాదగానే ఉండేవాడు. ఒకసారి మా ఇంట్లో గ్యాస్ బండ మోసిపెడితే నేనే కూర్చోబెట్టి టీ ఇచ్చాను. పిల్లలకి బండి నేర్పాడు, బిర్యానీ కొనిపెట్టాడు, ఫోన్లో క్రికెట్ బెట్టింగ్ చూపించాడు. ఆ తర్వాత గంజాయి అలవాటు చేశాడు. ఇక ఆపైన ‘ఈ సంచి రావులపాలెంలో ఒకాయనకి ఇచ్చి రండి’. మన్యంలో, ఒడిశా సరిహద్దులో పండే గంజాయి 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా పోతుంది. రావులపాలెం ఆ దారి మీదే ఉంది. స్కూలు బ్యాగులు ఎవరూ వెతకరని వాడికి బాగా తెలుసు.

ఇద్దరి చేతా అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు. అంతటితో ఆగలేదు. ‘నువ్వు మగాడివిరా, వాడు ఉత్త పిరికివాడు’ అని వీడితోనూ అనేవాడు, వాడితోనూ అనేవాడు. ఒకరి మీద ఒకరికి నమ్మకం పోతే ఇక తన మాటే వింటారని. మావాడు భయపడి వెనక్కి వచ్చేశాడు. రెండోవాడు రాలేకపోయాడు. సైకిలు మీద మావాడొక్కడే బడికి వెళ్తుంటే, వెనక క్యారియర్ ఖాళీగా కనపడుతున్నా, పోట్లాడుకుని ఉంటార్లే, రేపు కలిసిపోతారని ఊరుకున్నాను. అది నా తప్పే.

నాలుగు నెలలు కడుపులో దాచుకున్నాడు. ఒక రాత్రి అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టకుండా అలాగే పట్టుకుని, “నాన్నా, ఒట్టు తప్పితే అమ్మకి ఏమైనా అవుతుందా?” అని అడిగాడు. వాళ్లమ్మ స్టవ్ ఆపి వచ్చి, వాడి తల మీద చెయ్యి పెట్టి, “నాకేం కాదురా, చెప్పు” అంది. అప్పుడు చెప్పాడు. పద్నాలుగేళ్ల పిల్లాడు, నాలుగు నెలలు అమ్మ ప్రాణం తన నోట్లో ఉందనుకుని తిరిగాడు.

మర్నాడే బడికి వెళ్లి అంతా చెప్పాను. వారం తిరక్కుండా ఇద్దరికీ టీసీలు ఇచ్చేశారు. బడి పేరు పోతుందట. ఈలోగా ‘అన్న’ గది ఖాళీ చేసి పోయాడు. ఊళ్లో మావాడికి చాడీలకోరు అనే పేరు మిగిలింది. రెండో కుర్రాడి తల్లి మాత్రం మా ఆవిడ చేతులు పట్టుకుని, “మీవాడు చెప్పబట్టి నా కొడుకు నాకు దక్కాడు వదినా” అని ఏడ్చింది.

తెలిసిన లాయరు గారు ఒకరు తర్వాత చట్టం చదివి వినిపించారు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 77వ సెక్షన్ పిల్లలకి మత్తు ఇచ్చినవాళ్ల గురించి, 78వ సెక్షన్ పిల్లల చేత మత్తు సరుకు మోయించినవాళ్ల గురించి. రెండింటికీ ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. చట్టం వేలు పెట్టి చూపిస్తోంది ఆ పెద్దవాణ్ణి. మా దగ్గర శిక్ష పడింది మాత్రం పిల్లలకి.

గంజాయి సమాచారం ఇవ్వడానికి ఈగల్ (మత్తుమందుల్ని అరికట్టే రాష్ట్ర పోలీసు విభాగం) వాళ్ల ఫోన్ నంబరు 1972 ఉంది, పిల్లల కోసం 1098 ఉంది. మంచిదే. కానీ చెబితే టీసీ ఇస్తారని ఒక్కసారి తెలిశాక ఏ పిల్లాడు ఫోన్ చేస్తాడు? జిల్లా విద్యాశాఖ అధికారులు బడులన్నిటికీ స్పష్టమైన ఆదేశం ఇవ్వాలి. పిల్లాడు నోరు విప్పితే వాడి పేరు హెడ్మాస్టర్ గది దాటకూడదు. ముందు పోలీసులకి చెప్పాలి, పిల్లలకి కౌన్సెలింగ్ ఇప్పించాలి, టీసీ మాట ఎత్తకూడదు. కొత్తవాళ్లకి గది అద్దెకిచ్చే ఇంటివాళ్లు ఆధార్ కాపీ ఒకటి సచివాలయంలో మహిళా పోలీసుకి ఇచ్చేలా చూడాలి.

సినిమావాళ్లకీ ఒక విన్నపం. మా కాలువలు, కొబ్బరితోటలు ఎన్నోసార్లు చూపించారు. ఈసారి ఆ గట్టు మీద ఇద్దరు కుర్రాళ్ల కథ తీయండి. అందులో ఒకడు రాత్రిపూట ఫ్రెండు ఇంటికెళ్లి, వాళ్లమ్మకి నిజం చెప్పాలి. ఆ సీనుకి హాల్లో ఈలలు పడాలి. ఇప్పుడు సెన్సార్‌లో యూఏ 13 ప్లస్ అని విడిగా సర్టిఫికెట్ ఇస్తున్నారు. ఆ వయసు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేలా తీయండి.

మా ఇద్దరు పిల్లల టీసీల్లోనూ ‘ప్రవర్తన’ అన్న చోట ‘సంతృప్తికరంగా లేదు’ అని రాశారు. దాన్ని మార్పించమని రెండిళ్ల వాళ్లం కలిసి అర్జీ పెట్టాం. జవాబు కోసం చూస్తున్నాం.

ఇట్లు,
ఒక తండ్రి (పిల్లల కోసం పేరు రాయడం లేదు)
కోనసీమ జిల్లా