గుడిలో ఉన్నవాళ్ళే బతికారు అనే మాట ఇక ఆపుదాం

సంపాదకుడు గారికి నమస్కారం.

డిసెంబర్ 26న పేపర్ తెరిస్తే కడప పేజీ నిండా క్రిస్మస్ ఫొటోలే ఉంటాయి, ఉండాలి కూడా, మాకు అది పెద్ద పండుగ. కానీ 2004లో అదే తారీఖున సునామీ వచ్చి మన దేశంలో పదివేల మందికి పైగా చనిపోయారన్న సంగతి ఎక్కడో కింద నాలుగు లైన్లలో ఉంటుంది, కొన్నేళ్ళు అదీ కనిపించదు. కడపకు సముద్రం లేదు, మనకెందుకు అనుకుంటారేమో. మాకు తమిళనాడు తీరంలో మరియమాత పుణ్యక్షేత్రం వేలాంగణి ఉంది. మొక్కు తీర్చుకోవడానికి, పిల్లల తలనీలాలు ఇవ్వడానికి అక్కడికి వెళ్ళిరాని క్యాథలిక్ ఇల్లు మా వైపు తక్కువ.

మా వీధిలో ఒక అక్క ఉంది. ఆ ఏడు ఆమె తమ్ముడు స్నేహితులతో కలిసి పండుగకు వేలాంగణి వెళ్ళాడు. ఆదివారం పొద్దున గుడిలో పూజ జరుగుతోంది, చాలామంది లోపల ఉన్నారు, ఈ పిల్లవాడు తీరంలో ఉన్నాడు. తిరిగి రాలేదు. ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ మా వాళ్ళు ప్రార్థన కూటాల్లో, సాక్ష్యాల్లో, ఒక్కోసారి ఆమె ఎదురుగానే చెబుతూ వచ్చిన మాట ఒకటుంది: చూడండి, చుట్టూ నీళ్ళు వచ్చాయి గానీ మాత గుడిలోకి రాలేదు, లోపల ఉన్నవాళ్ళు బతికారు అని. నీళ్ళు గుడిలోకి రాలేదన్నది నిజమే. చెప్పేవాళ్ళు భక్తితోనే చెబుతారు, నేనూ చెప్పాను. ఒకరోజు ఆమె నన్నే అడిగింది, "అయితే మా వాడు బయట ఉన్నాడని దేవుడు వద్దనుకున్నాడా?" అని. నాకు నోట మాట రాలేదు. ఆ తర్వాత ఆమె 26న పూజకు రావడం మానేసింది.

లూకా సువార్త 13వ అధ్యాయం మనందరికీ తెలిసిందే. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్ళు యెరూషలేములో ఉన్న అందరికంటే పాపులనుకుంటున్నారా అని యేసు ప్రభువే అడిగి, కాదు అని ఆయనే జవాబు చెప్పాడు. మారుమనస్సు పొందమన్నది బతికి ఉండి వింటున్నవాళ్ళను. ఇంత స్పష్టంగా ఉంటే మనం ఇంకా ఎవరు లోపల, ఎవరు బయట అని లెక్క చూస్తున్నాం. 2021 నవంబర్‌లో, కార్తీక పౌర్ణమి పూట, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది పులపత్తూరు, మందపల్లి ఊళ్ళ మీద పడ్డప్పుడు శివాలయం దగ్గర ఉన్నవాళ్ళు కూడా కొట్టుకుపోయారు. అప్పుడు అది మన జిల్లానే. వాళ్ళ భక్తిలో లోపం ఉందని ఎవరైనా అంటే మనకు ఎంత కోపం వస్తుంది?

ఇంకొక సంగతి. ఆ రోజు సుమత్రా దగ్గర భూమి కంపించింది మన టైం ప్రకారం ఉదయం ఆరున్నరకు. అల తమిళనాడు తీరానికి చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ఆ రెండు గంటల్లో తీరంలో ఉన్నవాళ్ళకు పరుగెత్తండి అని చెప్పే ఏర్పాటు మనకు లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది 2007లో, ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేల మంది పోయాక. రాత్రీ పగలూ సముద్రాన్ని కనిపెట్టుకుని కూర్చునే ఆ ఉద్యోగుల కోసం మా గుడిలో ఒక్క ప్రార్థన కూడా నేను వినలేదు.

2004 డిసెంబర్ 26 తిరుకుటుంబ పండుగ, అంటే యేసు, మరియమ్మ, యోసేపుల కుటుంబాన్ని తలచుకునే రోజు. ఆ రోజు సువార్త, మరియమ్మ యోసేపులు బిడ్డను తీసుకుని ఐగుప్తుకు పారిపోవడం. హేరోదు బెత్లెహేము పసిబిడ్డలను చంపించడం, రాహేలు తన బిడ్డల కోసం ఏడ్చి ఓదార్పు పొందనొల్లకపోవడం కూడా ఆ అధ్యాయంలోనే మధ్యలో ఉంది, కానీ ఆ మూడు వచనాలు ఆ రోజు పఠనంలో ఉండవు, 28న వస్తాయి. 28న పూజకు వచ్చేది కొద్దిమందే. నాకు అది చాలా బాధగా ఉంటుంది. ఏడుపు మన గ్రంథంలోనే ఉంది, ఓదార్పు వద్దన్న తల్లిని కూడా అందులోంచి ఎవరూ తీసేయలేదు, మనమే తొందరగా పేజీ తిప్పేస్తున్నాం. విశ్వాస సంగ్రహంలో ప్రతి ఆదివారం మృతుల ఉత్థానాన్ని నమ్ముతున్నామని అందరం గట్టిగా చెబుతాం కదా, అందులో గుడి లోపలివాళ్ళకు అని రాసి లేదు. నా ఆశ అంతా ఆ ఒక్క మాట మీదే ఉంది.

అందుకని మన జిల్లాలోని విచారణల (క్యాథలిక్ గుడుల పరిధుల) ఫాదర్లను, చర్చిల పాస్టర్లను అడుగుతున్నాను, ఈ డిసెంబర్ 26న సునామీలో, చెయ్యేటి వరదలో పోయినవాళ్ళ పేర్లు, ఏ మతం వాళ్ళైనా సరే, తెలిసినన్ని గుడిలో చదవండి. మీరు కూడా ఆ రోజు కడప పేజీలో, క్రిస్మస్ ఫొటోల పక్కనే, వాళ్ళకు కొంచెం చోటివ్వండి.

నిన్న ఆ అక్క ఇంటికి వెళ్ళి, ఈసారి పూజకు రమ్మన్నాను. మా వాడి పేరు చదువుతారా అని అడిగింది. ఫాదర్‌ని అడిగి చెబుతానన్నాను.

— ఒక పాఠకుడు, మరియాపురం, కడప