గూడేల జనాభాను విడిగా ప్రకటించాలి

సంపాదకునికి నమస్కారం.

వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించినప్పటి నుంచి చర్చ ఎక్కువగా కులగణన, నియోజకవర్గాల పునర్విభజన చుట్టూనే సాగుతోంది. అవి ముఖ్యమైనవే. అయితే ఏజెన్సీలో ఏ గూడేనికి రోడ్డు పడుతుందన్నది కూడా ఈ లెక్కలను బట్టే ఉంటుందన్న సంగతి పెద్దగా వినిపించడం లేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

2011 ఫిబ్రవరిలో పాడేరు ప్రాంతంలో నేను జనగణన ఎన్యూమరేటర్‌గా (ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకునే ఉద్యోగిగా) పనిచేశాను. నాకు అప్పగించిన చోట ఒకే రెవెన్యూ గ్రామం పేరు కింద నాలుగు గూడేలు ఉండేవి. రెండు రోడ్డు పక్కనే ఉన్నాయి. మూడోదానికి గెడ్డ (వాగు) దాటాలి. నాలుగోది కొండ మీద, గంటన్నర నడక. ప్రతి గడపకూ వెళ్లి పేర్లు రాసుకున్నాను, నక్షాలో గెడ్డనూ కాలిబాటనూ గీశాను. తీరా ప్రచురించిన పట్టికలో ఆ నాలుగు గూడేలూ కలిసి ఒకే వరుసలో ఒకే అంకెగా మిగిలాయి. గ్రామానికి రోడ్డు ఉన్నమాట నిజమే. కొండ మీది గూడేనికి లేదన్నదీ నిజమే కానీ, అది ఆ పట్టిక చూసినవారికి తెలిసే వీలు లేదు.

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఆవాసాలకు రోడ్డు వేయాలని నిర్దేశించింది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగో దశలో వామపక్ష తీవ్రవాద ప్రభావిత జిల్లాలకు ఈ పరిమితిని 100గా పెట్టి, మొత్తం 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు లక్ష్యంగా పెట్టారు. ఇది స్వాగతించదగిన నిర్ణయం. కానీ దీనికీ ఆధారం 2011 జనాభాయే. 250 పరిమితి వర్తించే చోట అప్పట్లో 230 మంది ఉన్న గూడెం ఈ పదిహేనేళ్లలో ఎంత పెరిగినా, కాగితం మీద ఆ 230 దగ్గరే ఆగిపోతుంది. పైగా పథకం ఆవాసాన్ని చూస్తుంటే, జనగణన రెవెన్యూ గ్రామాన్ని చూస్తోంది. ఈ రెండింటి నడుమ పడి నలిగేది గెడ్డ అవతలి గూడెమే. నిండు చూలాలిని డోలీలో మోసుకెళ్లారన్న వార్త మీ పత్రికలో వచ్చిన ప్రతిసారీ నాకు ఆ నాలుగో గూడెమే గుర్తుకొస్తుంది.

రోడ్డు పడ్డ ఊళ్ల కష్టం ఇంకొకటి. మా ఊరికి బీటీ రోడ్డు వచ్చి చాలా కాలమైంది, బస్సు మాత్రం లేదు. డిపోలో అడిగితే ఓఆర్ (సీట్లు నిండే శాతం) రాదని చెబుతారు. బడికీ, ఆసుపత్రికీ, సంతకూ పనికొచ్చే వేళకు బస్సు నడపకుండా, సీట్లు నిండలేదని సర్వీసు ఎత్తేస్తే, జనం ఆటో పట్టుకోక ఏం చేస్తారు? 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఆ బస్సే రాని ఊళ్లో మా ఆడపడుచులు ఇప్పటికీ ఆటోకు చార్జీ ఇచ్చుకుని, వెనక నిలబడి ప్రయాణిస్తున్నారు.

జనగణన అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఎన్యూమరేటర్లు ఎలాగూ ఇంటింటికీ వెళతారు, ఈసారి వివరాలు సేకరించేది కూడా డిజిటల్ పద్ధతిలోనే. కనుక రెవెన్యూ గ్రామం మొత్తంతోపాటు ప్రతి గూడెం జనాభానూ, అది రోడ్డుకూ బస్సుకూ ఎంత దూరంలో ఉందన్నదీ విడిగా ప్రకటించాలి. ఇక ఆర్టీసీ అధికారులను కోరేది, రోడ్డున్న ఏజెన్సీ గ్రామాలకు కనీసం ఒక నైట్ హాల్ట్ బస్సు. సాయంత్రం వచ్చి, రాత్రి ఊళ్లోనే ఆగి, తెల్లవారి బడి వేళకు బయలుదేరే ఆ బస్సును ఒక్క విద్యా సంవత్సరం పాటు నడిపి, ఓఆర్ లెక్క ఆ తర్వాత చూడండి.

– విశ్రాంత ఉపాధ్యాయుడు,
అల్లూరి సీతారామరాజు జిల్లా