చొక్కాకు 12, టీషర్టుకు సున్నా

మురళీ,

నీ ఉత్తరం అందింది. "పేద దేశాల సరుకు మీద సుంకం ఎత్తేస్తే వాళ్లు నాలుగు డబ్బులు చేసుకుంటారు, ఇందులో గొడవేముంది?" అని అడిగావు. గొడవంతా షరతుల్లోనే ఉందయ్యా!

బంగ్లాదేశ్ సంగతే తీసుకో. బట్టల మీద యూరప్ మామూలుగా వేసే సుంకం సుమారు 12 శాతం. 2001లో "ఆయుధాలు తప్ప అన్నీ" అనే పథకం పెట్టి, బాగా వెనకబడిన దేశాలకు దాన్ని సున్నా చేసింది. పేరు వింటే అన్నసత్రం తలుపులు బార్లా తెరిచినట్టే ఉంటుంది. కానీ సరుకు ఆ దేశంలోనే తయారైందని రుజువు చూపాలి. బట్ట తయారీ, కుట్టుపని రెండూ అక్కడే జరగాలన్నారు. టీషర్టుల వాళ్లకు ఇబ్బంది లేదు. నారాయణగంజ్‌లో నూలు తెచ్చుకుని బట్ట అల్లి, కుట్టి పంపేస్తారు. తంటా అంతా చొక్కాలు, ప్యాంట్లు కుట్టేవాళ్లకే. వాళ్లకు నేతబట్ట చాలావరకు చైనా నుంచో, మన దగ్గర నుంచో రావాలి. అదే ఊరు, అదే కూలి. టీషర్టుకు సున్నా, చొక్కాకు 12 శాతం!

2011 జనవరి నుంచి కుట్టుపని ఒక్కటి అక్కడ జరిగితే చాలన్నారు. చొక్కాల ఎగుమతి ఊపందుకుంది. దీనివల్ల సొంతంగా నేత మిల్లులు పెట్టుకోవాలన్న పట్టుదల సడలిందని పెదవి విరిచేవాళ్లు ఉన్నారు. కావచ్చు. మిల్లులు లేచేదాకా కుట్టుమిషన్ ముందున్న ఆడపిల్లను ఆగమనడం మాత్రం నాకు మనసొప్పదు.

పోనీ, సుంకం ఎత్తేయడం వల్ల మిగిలిన డబ్బైనా వాళ్ల చేతికి వస్తుందా? 2000లో ఆఫ్రికా దేశాలకు అమెరికా ఇచ్చిన సుంకం రాయితీని లెక్కగట్టినవాళ్లు, బట్టల్లో ఎగుమతిదారులకు దక్కింది దాదాపు మూడో వంతేనని తేల్చారు. తక్కినది కొనేవాడు ధర తగ్గించి తన వైపు లాక్కున్నాడన్నమాట.

ఇచ్చినవాడికి కోపం వస్తే మరో కథ. 2013లో బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా అనే బట్టల ఫ్యాక్టరీల భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయాక, అమెరికా బంగ్లాదేశ్‌కు ఇచ్చిన రాయితీ ఆపేసింది. విచిత్రం చూడు, ఆ రాయితీ బట్టలకు దాదాపుగా లేనేలేదు. కూలింది బట్టల ఫ్యాక్టరీలు, దెబ్బ పడింది పింగాణీ, ప్లాస్టిక్ సామాను పంపేవాళ్లకు! 2019 జూన్ 5న మన రాయితీ కూడా తీసేశారు. ఏడాదికి తగ్గే సుంకం 19 కోట్ల డాలర్లేనని మన ప్రభుత్వం తేలిగ్గా చెప్పింది. అంత పెద్ద ఎగుమతులున్న మనం తట్టుకున్నాం. బట్టల ఎగుమతుల్లో దాదాపు సగం యూరప్‌కే పంపే బంగ్లాదేశ్ అలా అనగలదా?

వెనకబడిన దేశాల జాబితా నుంచి అది బయటికి వచ్చాక యూరప్ మూడేళ్లు ఓపిక పడుతుంది. ఆ తర్వాత పాత రెండు దశల నిబంధన మళ్లీ మెడకు చుట్టుకుంటుంది. అప్పుడు బట్టకు బదులు నూలు ఎక్కువ కొంటారని నా అంచనా. మీ బావగారు గుంటూరు మిల్లులో నూలు అమ్మకాలు చూస్తారు కదా, ఢాకా నుంచి అలాంటి వాకబులేమైనా మొదలయ్యాయేమో అడిగి రాయి.

నీ
శ్రీను