పంపినంత మాత్రాన అందినట్టు కాదు

సంపాదకులకు,

దరఖాస్తు తిరస్కరించామనో, గడువు ముగియబోతోందనో తెలియజేయవలసిన కార్యాలయాలు ఉత్తరాలు మానేసి, తమ వెబ్ అప్లికేషన్ నుంచి సెల్‌ఫోన్‌కు ఒక ఎస్సెమ్మెస్ పంపి ఊరుకుంటున్నాయి. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది గనుక ఆ పద్ధతిని తప్పుపట్టను. అయితే మెసేజ్ రాలేదని కౌంటర్‌లో మొరపెట్టుకున్నవారికి కంప్యూటర్ తెరపై ‘పంపబడింది’ అన్న నమోదు చూపించి, గడువు దాటింది కాబట్టి చేసేదేమీ లేదనడం మాత్రం అన్యాయం.

వెబ్ అప్లికేషన్ మెసేజ్‌ను నేరుగా ఫోన్‌కు చేర్చదు. మెసేజ్‌లను మొబైల్ కంపెనీలకు అందించే మధ్యవర్తి వ్యవస్థ అయిన ఎస్సెమ్మెస్ గేట్‌వేకు అప్పగిస్తుంది; తీసుకున్నట్టుగా గేట్‌వే ఒక ఐడీ తిరిగి ఇస్తుంది. అప్లికేషన్ తయారుచేసినవారు అక్కడితో ఆగిపోతే రికార్డుకెక్కేది ఆ అప్పగింత ఒక్కటే. అప్పటికి మెసేజ్ మొబైల్ కంపెనీ ఎస్సెమ్మెస్ కేంద్రానికైనా చేరి ఉండకపోవచ్చు. చేరాక కూడా ఫోన్ స్విచాఫ్‌లో ఉంటేనో, సిగ్నల్ అందకపోతేనో ఆ కేంద్రం దాన్ని దాచి ఉంచి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి, కాలపరిమితి తీరగానే తొలగిస్తుంది. అందిందా, ఆ కాలపరిమితి తీరి పోయిందా, తిరస్కరణకు గురైందా అన్నది డెలివరీ రిపోర్టు విడివిడిగా చెబుతుంది. దాన్ని తెప్పించుకుని భద్రపరిచే వీలున్నా ఆ ఏర్పాటు చేసుకోకపోవడం నిర్లక్ష్యమే.

తెలుగులో పంపేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిషులో అయితే 160 అక్షరాలు. తెలుగు లిపికి వాడే యూనికోడ్ సంకేత పద్ధతిలో 70 గుర్తులే, అదీ గుణింతాలు, పొల్లులు వేటికవే లెక్కకు వస్తూ. ‘గౌరవనీయులైన దరఖాస్తుదారునికి తెలియజేయునది ఏమనగా’ అన్న మర్యాదకే ఖాళీలతో కలిపి 47 ఖర్చవుతాయి! 70 దాటితే మెసేజ్ 67 చొప్పున ముక్కలై వెళుతుంది. వాటిలో ఒకటి దారితప్పినా పూర్తి పాఠం ఫోన్‌లో కనిపించదు. అలాగని ఇంగ్లిషులో పంపమని నేననడం లేదు. దరఖాస్తు నంబరు, గడువు తేదీ, చేయవలసిన పని ఒక్క ఎస్సెమ్మెస్‌లో ఇమిడేలా రాస్తే చాలు.

డెలివరీ రిపోర్టు కూడా ఫోన్‌కు చేరిందని చెబుతుందే గాని, చదివారని కాదు. వదులుకున్న నంబరు ఈసరికి వేరొకరి చేతిలో ఉండవచ్చు కూడా.

అందుచేత ప్రజల హక్కులకు సంబంధించిన నిర్ణయాల్లో గడువును మెసేజ్ పంపిన తేదీ నుంచి కాక, అందినట్టు రిపోర్టు చెప్పిన తేదీ నుంచి లెక్కించాలి. ఆ రిపోర్టు రానిచోట ఉత్తరం తప్పనిసరి చేయాలి. వివాదం వచ్చినప్పుడు డెలివరీ రిపోర్టు నకలును దరఖాస్తుదారుకు అడిగిన వెంటనే ఇవ్వాలి.

— ఒక పాఠకుడు